మామ పంపలేకపోయిన వాన

అత్త ఫోన్ చేసే సమయానికి నేను ఆఫీసులో క్యారియర్ తీసుకుని లేవబోతున్నాను. అందులో మామ కోసం ఉప్పు వెయ్యని పెసరపప్పు, మెత్తగా ఉడికించిన అన్నం ఉన్నాయి. తిరువళ్ళూరులో మా ఆఫీసు నుంచి ఆయన ఉన్న ఆస్పత్రికి నడిచిపోయేంత దూరమే. రోజూ మధ్యాహ్నం పట్టుకెళ్ళి, ఆయన రెండు ముద్దలు తిని చాలనేదాకా పక్కన కూర్చుని, తిరిగొచ్చేదాన్ని. ఆరోజు అత్త గొంతులో ఏడుపు కూడా లేదు. "మామ పోయినాడు మే. నువ్వు మెల్లగా రా. ఇంక తొందర లేదు" అంది. ఆ క్యారియర్ ఏం చేశానో నాకిప్పటికీ గుర్తు రాదు.

మామ అంటే మా అమ్మకి అన్న. మా నాన్న తొందరగా పోవడం వల్ల నాకు టైపు నేర్పింది, మొదటి ఉద్యోగానికి దరఖాస్తు కొట్టి పెట్టింది, ముందు నిలబడి పెళ్ళి చేసింది అన్నీ ఆయనే. సొంత పిల్లలు లేరు. నన్ను కూతురని ఎప్పుడూ అనలేదు. "ఏమ్మే" అనేవాడు, అంతే. నాకు అది చాలింది.

వ్యాన్‌లో తిరుత్తణి తీసుకుపోయాం. మురుగన్ కొండ కనపడగానే అత్త అలవాటు కొద్దీ చెంపలేసుకుంది, తర్వాత ఎందుకు వేసుకున్నానా అన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇంటి తలుపు తీశామో లేదో లోపలి గదిలోంచి కంప్యూటర్ ఫ్యాన్ హోరు. మామ ఆస్పత్రికి బయల్దేరినప్పుడు దాన్ని ఆపలేదు. మనిషిని ఇంకా వ్యాన్‌లోంచి దించనేలేదు, అది మాత్రం తన పాటికి తాను పని చేసుకుపోతోంది. అత్త గబగబా లోపలికి పోయి గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"మనిషి పోయిన ఇంట్లో మగ్గం ఆడకూడదు" అంది.

నేతవాళ్ళ ఇళ్ళల్లో అది పద్ధతి. కరుమాది, అంటే దినకర్మ, జరిగేదాకా ఆ ఇంటి మగ్గం ఎవరూ ముట్టరు. శవం లేచేదాకా వీధిలో మిగతా మగ్గాలు కూడా ఆపుతారు. కంప్యూటర్‌ని పట్టుకుని మగ్గం అన్నందుకు ఆ రోజు ఎవరికీ విడ్డూరం అనిపించలేదు, నాక్కూడా. ఆ కంప్యూటర్ మగ్గం ఎట్లా అయిందో, ఆ ప్లగ్గుతో పాటు ఇంకేం పోయిందో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. చెప్పినందువల్ల ఏమీ తిరిగి రాదని తెలుసు.

మా తాత గుంట మగ్గం నేతగాడు. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. మామ పడుచువాడుగా ఉన్నప్పుడు ఒక కార్తీక మాసంలో వాన పట్టుకుని వదల్లేదట. వీధిలో నీళ్ళు లోపలికొచ్చి గుంత నిండిపోయింది. మగ్గం మీదున్న పడుగంతా తడిసి, ఆరక, బూజు పట్టింది. తాత ఆ పోగుల్ని చేత్తో విడదీసి ఎండేస్తూ కూర్చున్నాడట, పనికిరావని తెలిసి కూడా. ఆ తర్వాత ఆయన మళ్ళీ మగ్గంలో కూర్చోలేదు.

మామ దాని గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎప్పుడైనా ముసురు పట్టినప్పుడు మాత్రం ఒకే మాట అనేవాడు. "వాన వచ్చేది తప్పు కాదు మే. చెప్పకుండా వస్తాది చూడు, అది తప్పు."

ఆయన బస్టాండు దగ్గర టైపింగు అంగడి పెట్టుకున్నాడు. తమిళం, ఇంగ్లీషు రెండూ కొట్టేవాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, జెరాక్సు వచ్చింది, ఇంటర్నెట్టు వచ్చింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక అంగడికి మనుషులు రావడం మానేశారు. మూసేసినప్పుడు ఒక్క కంప్యూటర్ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఇల్లంతా చోటు ఉండగా, మగ్గం గదిలో ఇసక పోసి పూడ్చిన గుంత ఉంది చూడండి, సరిగ్గా దాని మీద బల్ల వేసి అక్కడ పెట్టాడు. కాళ్ళు తాత పెట్టుకున్న చోటే పెట్టుకుని కూర్చునేవాడు. ఆయుధ పూజకి దానికి కుంకం బొట్టు. కూర్చునే ముందు బల్లని తాకి కళ్ళకద్దుకోవడం, లేచేటప్పుడు మళ్ళీ అద్దుకోవడం. మధ్యలో కాఫీ చల్లారిపోవడం.

ఆ కంప్యూటర్ చేసే పని ఏమిటంటే, వాన లెక్కలు. ఎక్కడో పరదేశంలో వాతావరణం చదివేవాళ్ళు కొందరు ఉన్నారు. భూమ్మీద గాలి, ఎండ, సముద్రం ఎట్లా మారితే వానలు ఎట్లా మారతాయో లెక్కగట్టాలంటే వాళ్ళ దగ్గరున్న యంత్రాలు చాలవు. అందుకని ఆ లెక్కని చిన్న చిన్న ముక్కలు చేసి, ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్ళ ఇళ్ళల్లోని కంప్యూటర్లకి పంచుతారు. ఒక్కో ముక్క చేయడానికి రోజుల తరబడి పడుతుంది. అయ్యాక ఫలితం ఇంటర్నెట్టులో వాళ్ళ సర్వర్‌కి తిరిగి పంపాలి. దానికొక గడువు ఉంటుంది. జీతం ఉండదు.

అత్తకి మామ చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. "మేస్త్రీ పడుగూ పేకా ఇస్తాడు గదా, మనం ఇంట్లో నేసి తీసకపోయి ఇస్తాం గదా, ఇదీ అంతే. మేస్త్రీ దూరంలో ఉండాడు, అంతే వేరే ఏమీ లేదు."

"ఆ మేస్త్రీ కూలి ఇచ్చినాడు. ఈ మేస్త్రీ కరెంటు బిల్లు ఇస్తాండాడు" అనేది అత్త. ఆమె నోటికి మామ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. నవ్వి ఊరుకునేవాడు. కానీ వానాకాలంలో కరెంటు పోతే, "అయ్యో, మీ మగ్గం ఆగిపోయినాది చూడండి" అని ముందుగా కేకేసేది ఆమే. మగ్గం అనే పేరు పెట్టింది కూడా ఆమే.

నేతలో ఒక పద్ధతి ఉంది. ఒక పడుగు అయిపోవస్తుంటే దాని పోగుల కొసలు మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి అతుకుతారు. అట్లా ఒకదానికొకటి అతుక్కుంటూ పోతేనే మగ్గం ఆడుతుంది. కంప్యూటర్ కూడా ఒక ముక్క అవ్వగానే కొత్త ముక్క దానంతట అదే అడిగి తెచ్చుకునేది. మామకి అది మహా ఇష్టం. "ఖాళీ మగ్గం ఇంటికి అరిష్టం మే" అనేవాడు.

చేయడం ఎంత కష్టమో పంపడం అంతకంటే కష్టం. ఫలితాల ఫైళ్ళు పెద్దవి. మన ఇంటర్నెట్టు సంగతి మీకు తెలియనిది కాదు. లెక్క పూర్తయిపోతుంది, ఫైలు సగం దాకా పోయి నిలబడిపోతుంది. తెర మీద ఇన్ని నిమిషాల్లో మళ్ళీ ప్రయత్నిస్తానని రాసి ఉంటుంది. ప్రయత్నించి, కుదరక, ఈసారి ఇంకా ఎక్కువ సేపు ఆగుతుంది. నాకు ఓపిక తక్కువ. మొదటిసారి చూసినప్పుడు 'మళ్ళీ పంపు' అనే బొత్తాం టకటకా నొక్కుతూ పోయాను. మామ నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"తలుపు కొడితే తీయలేదనుకో. ఊరికే కొడతానే ఉంటే లోపలోళ్ళు ఇంకా కోపం చేసుకుంటారు. ముందు మనింట్లో తప్పుండాదా, వాళ్ళింట్లో తప్పుండాదా చూడు. ఆ పైన తిట్టు, నేను వద్దనను."

ఆయన చూసే వరస ఒకటి ఉండేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేయించేవాడు కాబట్టి నాకది ఎక్కాల్లాగా వచ్చు. మొదట ఆ ప్రోగ్రాం రాసుకునే సందేశాలు చదవాలి. ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది, మనమే చదవం. తర్వాత వేరే సైటు ఏదైనా తెరుచుకుంటుందా చూడాలి. తెరుచుకోకపోతే మన మోడెం. తెరుచుకుంటే వాళ్ళ సర్వర్ బాగుందా లేదా అని వాళ్ళే పెట్టే పేజీ ఒకటి ఉంటుంది, అది చూడాలి. అదీ బాగుంటే కంప్యూటర్‌లో తేదీ సరిగ్గా ఉందా చూడాలి. తేదీ తప్పితే అవతలి సర్వర్ మనల్ని నమ్మదు. ఆ తర్వాత వైరస్ కాపలా ప్రోగ్రాం అడ్డం పడుతోందా, డిస్కులో చోటుందా. ఫైళ్ళన్నీ ఒక్కసారిగా తోసుకుంటుంటే ఒక్కొక్కటిగా పొమ్మనాలి. ఇవన్నీ అయ్యాక కూడా పోకపోతే ఏం చెయ్యాలని అడిగాను.

"సుమ్మా ఉండాల" అన్నాడు.

"ఏమీ చెయ్యకుండానా?"

"సుమ్మా ఉండేది కూడా ఒక పనే మే. మిషన్ ఆపకుండా వదిలిపెట్టు. వాళ్ళు తలుపు తీసినప్పుడు అదే పోతాది. మనం చెయ్యి పెట్టి చెడగొట్టకుండా ఉంటే చాలు."

చెయ్యి పెట్టి చెడగొట్టినవాడు ఒకడున్నాడు. కడంబత్తూరులో రైల్వేలో పనిచేసే అన్న. మాకు చుట్టం కాదు. ఎప్పుడో టైపింగు అంగడికొచ్చి, మామ దగ్గర ఈ పిచ్చి అంటించుకుని, వరస ఏమీ లేకపోయినా 'మామా' అని పిలవడం మొదలుపెట్టాడు. ఒకసారి అతని ఫైళ్ళు ఆగిపోయాయని మొత్తం ప్రోగ్రాంని మొదటికి తెచ్చే బొత్తాం నొక్కాడు. అది నొక్కితే చేసిన పనంతా చెరిగిపోతుంది. ఏడుపు మొహంతో రైలెక్కి తిరుత్తణి వచ్చాడు. మామ తిట్టలేదు. అత్తతో దోసెలు వేయించి పెట్టాడు. తిన్నాక అన్నాడు. "చిక్కు పడినాదని పడుగంతా కత్తిరిస్తారా నాయనా?" ఆ అన్న ఇప్పటికీ ఆ మాట చెప్పి తల గోక్కుంటాడు.

ఆడికృత్తికకి కావళ్ళు మోసుకుని జనం కొండకి వస్తారు గదా, ఆ రోజుల్లో ఊళ్ళో ఫోన్లు పలకవు, నెట్టు నడవదు. అందరూ ఫోటోలు, వీడియోలు పంపుకుంటూ ఉంటారు. మామ ఆ రోజు కంప్యూటర్‌ని లెక్క చేసుకోమని, పంపడం మాత్రం ఆపి పెట్టేవాడు. "ఈ రోజు దారి స్వామిది. మన మూట రేపు పోతాది" అనేవాడు. కొండ మీద హరోహర అని వినపడుతూ ఉండేది, కింద ఈ గదిలో ఫ్యాన్ తిరుగుతూ ఉండేది.

తర్వాత ఆయన మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు రైల్లో వచ్చేవాడు. అయ్యాక మా ఇంటికొచ్చి పడుకునేవాడు. నీళ్ళు కూడా కొలిచి తాగాలి. దాహంతో నాలుక పిడచగట్టుకుపోయేది. ఐస్ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "వాన ఎట్లుండాది మే?" అని అడిగేవాడు. బయట ఎండ మండిపోతూ ఉండేది. నాకు వచ్చే ఏడుపు కోపంగా మారేది. "నీ ఒంటి సంగతి చూసుకో మామా, వాన సంగతి దేవుడు చూసుకుంటాడు" అని కసిరేదాన్ని. "దేవుడు చూసుకున్నాడు గదా, మీ తాత మగ్గాన్ని" అనేవాడు, కోపం లేకుండా.

ఆఖరి ముక్క ఆ రోజుల్లోనే పూర్తయింది. పెద్దది. మా తావు వానలే, ఈశాన్య రుతుపవనాలవి. మామకి చేతకాని ఒంటితోనే ఎంత సంబరమో. కానీ పంపబోతే పోలేదు. ఆయన వరసంతా చూశాడు. తప్పు మనింట్లో లేదు. వాళ్ళ సర్వర్‌లో చోటు నిండిపోయింది. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్ళందరి ఫైళ్ళూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. "మేస్త్రీ గోదాము నిండిపోయినాది" అన్నాడు. "గోదాము వాళ్ళది నిండితే గడువు వాళ్ళే పొడిగిస్తారు. మనం మిషన్ ఆన్‌లో పెట్టుకోని సుమ్మా ఉండాల." ఆ లోపల కంప్యూటర్ ఇంకో ముక్క మొదలుపెట్టింది.

రోజులు గడిచాయి, గోదాము తెరవలేదు. ఆయన పరిస్థితి దిగజారింది. ఆస్పత్రిలో ఉండక తప్పదన్నారు. అత్తతో ఆటో ఎక్కుతూ వీధిలో అందరికీ చెప్పాడట, రెండ్రోజుల్లో వచ్చేస్తానని. మంచం మీద నుంచి రోజూ నన్ను అడిగింది ఆ ఒక్కటే. "గోదాము తెరిచినారా?" నేను కడంబత్తూరు అన్నకి ఫోన్ చేసి, లేదని చెప్పేదాన్ని. పోయే ముందు రోజు కూడా అడిగాడు. ముద్ద మింగలేక పక్కకి పెట్టి అడిగాడు.

"తెరుస్తారు మామా. నువ్వు సుమ్మా ఉండు. నేను పంపిస్తా" అన్నాను.

"నేసినోడి ఇంట్లో ఉంటే చీర కాదు మే అది" అన్నాడు. "ఇచ్చేయాల."

ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. ఇంకేదైనా మాట్లాడి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నా గురించి ఒక మాట, అత్త గురించి ఒక మాట. లేదు. ఆ మనిషికి మిగిలిన కోరిక అదొక్కటే, అది నా చేతిలో పెట్టాడు.

కరుమాది దాకా నేను తిరుత్తణికీ తిరువళ్ళూరుకీ తిరుగుతూనే ఉన్నాను. మగ్గం గదిలో అత్త తెర ముందు దీపం పెట్టింది, మీద పసుపు రాసిన తెల్లగుడ్డ కప్పింది. గోదాము నిండే ఉంది గదా, పద్ధతి ప్రకారం కార్యం అయ్యాక కంప్యూటర్ ఆన్ చేద్దాం, గడువు పొడిగించే ఉంటారు అనుకున్నాను. మామ చెప్పిందీ అదే గదా. కరుమాదికి కడంబత్తూరు అన్న వచ్చాడు. భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటూ, "మామది కూడా పోయుంటాది గదా" అన్నాడు.

"ఏది?"

"వాన ఫైళ్ళు. మామ పోయిన మరసటి దినమే తెరిచినారు గదా సర్వర్ని. నాది దానంతట అదే పోయినాది. గడువు కూడా కొంచం పెంచినారు, అదీ అయిపోయినాది. ఆయన మిషన్ ఎప్పుడూ ఆన్‌లోనే గదా ఉంటాది..."

నా మొహం చూసి ఆగిపోయాడు. చేతుల మీద నీళ్ళు అట్లాగే కారుతున్నాయి.

మరసటి దినమే. మామ అన్నట్టు ఏమీ చెయ్యకుండా, అది ఎట్లా ఉన్నదట్లా వదిలేస్తే చాలు, పోయి ఉండేది. ప్రపంచంలో ఎవరెవరివో పోయాయి. మొదటికి తెచ్చే బొత్తాం నొక్కినవాడిది కూడా పోయింది. పోనిది మా మామది ఒక్కటే. ఆయన మీద గౌరవంతో ఆపాం కాబట్టి పోలేదు. ఇట్లాంటి తప్పు లోకంలో ఇంకెవరైనా చేస్తారా? కంప్యూటర్‌ని మగ్గం అనుకున్న ఇంట్లో తప్ప ఎక్కడ జరుగుతుంది?

చుట్టాలు వెళ్ళిపోయాక ఆ గదిలోకి పోయి గుడ్డ తీశాను. దీపం పక్కకి జరిపాను. ప్లగ్గు పెట్టి, బల్లని తాకి కళ్ళకద్దుకుని ఆన్ చేశాను. ఆగిపోయిన సగం ముక్క మళ్ళీ మొదలైంది, ఫ్యాన్ లేచింది. ఆ హోరు విని వంటింట్లోంచి అత్త వచ్చి గడప దగ్గర నిలబడింది.

ఫైళ్ళు కదలలేదు. సందేశాలు చదివాను. వేరే సైటు తెరిచి చూశాను, అది కూడా నన్ను నమ్మనంది. అప్పుడు తేదీ చూశాను. లోపలుండే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, గోడ కరెంటుతోనే గడియారం నడుస్తూ ఉండేది. ఇన్నాళ్ళు ప్లగ్గు తీసేసరికి తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయింది. ఆ కంప్యూటర్ లెక్కలో అంగడి ఇంకా ఉంది. మామ కుర్చీలో కూర్చుని ఎవరికో దరఖాస్తు కొడుతున్నాడు. ఫైళ్ళకి గడువు కూడా ఇంకా బోలెడంత ఉంది.

దాన్ని మార్చబుద్ధి కాలేదు. నిజం చెబుతున్నాను, చెయ్యి రాలేదు. కానీ మార్చకపోతే పోవు. ఇవాళ్టి తేదీ పెట్టాను. ఆ తేదీ పెట్టిన క్షణంలో మామ నాకు ఇంకోసారి పోయాడు.

ఫైళ్ళు కదిలాయి. ఒక్కొక్కటే, ఎక్కడా ఆగకుండా. ఇంత బాగా పోవడం నేనెప్పుడూ చూడలేదు. అన్నీ పోయాక కంప్యూటర్ అవతలి సర్వర్‌తో పని అప్పగించానని చెప్పుకుంది. జవాబొచ్చింది. గడువు దాటింది. ఆ ముక్కని ఇంకెక్కడో, ఇంకెవరి ఇంటికో ఇచ్చారు, వాళ్ళు చేసి పంపేశారు కూడా. ఇది లెక్కలోకి రాదు.

"పోయినాదా మే?" అంది అత్త.

ఆమెకి అబద్ధం చెప్పి ఉండవచ్చు. చదవడం రాదు, ఎవరూ వచ్చి చెప్పరు. కానీ మామ కూర్చునే చోట కూర్చుని నాకు నోరు రాలేదు.

"పోయింది అత్తా. కానీ టైము దాటినాక పోయినాది. వేరే వాళ్ళు చేసి ఇచ్చేసినారంట. మామది తీసుకోలేదు."

అత్త గడప మీదే కూర్చుంది. తర్వాత మెల్లగా, నాతో కాదు, ఆ గదితో అన్నట్టు అంది. "నేనే గదా పీకేసింది."

నీ తప్పు కాదత్తా అన్నాను. పద్ధతి గదా అన్నాను. ఏదేదో అన్నాను. ఆమె వినలేదు, నేను కూడా నమ్మలేదు.

అప్పుడే ఫ్యాన్ నెమ్మదించడం మొదలైంది. సగంలో ఉన్న ముక్క కూడా ఇంక అక్కర్లేదని అవతలి నుంచి రద్దు చేశారు. నేను కొత్త ముక్క కోసం ఎదురుచూశాను. ఒకటి పోగానే ఇంకోటి అడిగి తెచ్చుకోవడం దాని అలవాటు. తెచ్చుకోలేదు. ఇది కూడా చెడిపోయిందేమోనని వెతికాను. చెడిపోలేదు. కొత్త పని వద్దు అని పెట్టి ఉంది. అది దానంతట అది పడే గుర్తు కాదు, ఎవరో ఒకరు నొక్కాలి. ఆ కంప్యూటర్‌ని మామ తప్ప నొక్కేవాళ్ళు లేరు.

అత్తకి చెప్పాను. ఆమె తలెత్తి చూసింది.

"ఆస్పత్రికి పోయేటప్పుడు ఆటో బయట నిలబడుండాది. ఒక నిమిషం ఉండమని లోపలికి పోయినాడు. చొక్కా మార్చుకుంటాడేమో అనుకున్నా. అదే చొక్కాతో వచ్చినాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండ్రోజుల్లో వచ్చేస్తా అన్నాడే, నాతో."

చేతిలో ఉన్నది ముగించి ఇవ్వాలనుకున్నాడు. కొత్త పోగులు మాత్రం అతకనివ్వలేదు. మళ్ళీ వచ్చి కూర్చునేవాడు అట్లా వదిలిపెట్టడు.

ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయింది. అంగడి మూసేసిన నాటి నుంచి ఆ హోరు లేని మామ లేడు. తెర మీద పనుల జాబితా ఖాళీగా ఉంది. అత్త గడప మీద, నేను గుంత మీది బల్ల దగ్గర, ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. కాసేపటికి గోడ అవతల పక్కింటి మగ్గం టకటకలాడడం వినపడింది. వాళ్ళు ఎప్పటినుంచి నేస్తున్నారో, ఆ గదిలో అది వినపడడం నాకు అదే మొదటిసారి.